ఈ చలికాలమున మన యూళ్ళకు రానున్న ఆటలు, నాటకములు

వరికోతలు ముగిసినవి. బతుకమ్మలను నీట విడిచి నెలలు గడచినవి. ఇక సంక్రాంతి మొదలు ఉగాది దాటి ఎండలు ముదురువరకు మన తెలంగాణపు పల్లెలలో ఆటపాటలకు కాలము. ధాన్యము గాదె చేరిన పిమ్మటనే గదా కళాకారుని జోలె నిండుట! పటాన్‌చెరువు, రామచంద్రాపురము, ఇస్నాపురము, పాశమైలారము, సంగారెడ్డి మొదలగు చోట్ల, బొంబాయి త్రోవ ననుసరించి కాపురములుండు సోదరీమణులలో పలువురు, ఇచ్చట పొగగొట్టములు తప్ప చూడదగినదేమున్నదని నిట్టూర్చుచుందురు. చూడదగినది చాల కలదు. రానున్న మూడు నాలుగు మాసములలో ఎచ్చటెచ్చట ఏమేమి చూడవచ్చునో, చూడబోవునప్పుడు మన మేమి గమనింపవలెనో, మాకు తెలిసినంతవరకు విన్నవించుచున్నాము.

ఈ నేల యెల్ల ఒకప్పుడు జొన్నచేలును చెరువులును. 1960 దశకమున రామచంద్రాపురమునందు భారత హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరువు నందు మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ యేర్పడినది. తరువాత మందుల కర్మాగారములు, ఇనుప కర్మాగారములు ఒకదాని వెంట ఒకటి వరుసకట్టినవి. మెదకు జిల్లానుండి విడివడి 2016 అక్టోబరు 11వ తేదీన సంగారెడ్డి ప్రత్యేక జిల్లా యైనది. ఇవన్నియు మన పాఠికలు ఎరిగినవే. అయితే ఈ మార్పులలో ఒకదానిని ఎవ్వరును అంతగా తలపోసినట్లు కానరాదు. కర్మాగారములు వచ్చి మన రాత్రిని మూడు ముక్కలు చేసినవి. పూర్వము పల్లెలో రాత్రి యనగా అందరికి నొక్కటే. ప్రొద్దుగూకగానే ఆట మొదలైనచో చుక్కపొడుచువరకు ఊరెల్ల అచ్చటనే. ఇప్పుడట్లు గాదు. ఒక ఇంటివాడు రెండవ షిఫ్టునుండి తిరిగివచ్చు వేళకు ప్రక్కయింటివాడు మూడవ షిఫ్టునకు పోవుచుండును. రాత్రి పనిచేసినవాడు పగలు నిద్రించుచుండ, పిల్లలు అరవకుండ ఇల్లాలు కావలి కాయుచుండును. మందుల కర్మాగారములలో పనికి పోవు స్త్రీలును అనేకులు. ఇట్టివారికి తెల్లవార్లు మేల్కొని ఆట చూచుట యెట్లు సాధ్యము? అందుచేతనే తెల్లవారువరకు ఆడదగిన కథలు ఇప్పుడు రెండు మూడు గంటలకు కుదించుకొని పోయినవి. ఆటగాండ్రలో శక్తి తగ్గెనని కొందరు వారిని నిందింతురు. తగ్గినది చూచువారి తీరికయే కాని వారి శక్తి కాదని మా యభిప్రాయము.

రానున్నవానిలో మొదటిది సంక్రాంతికి మొదలగు పాతపంటల జాతర. జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన మహిళాసంఘములవారు ఏటేట దీనిని సుమారు నెలదినములు జరుపుదురు. ఎద్దుబండ్ల నలంకరించి, జొన్న, కొర్ర, సామ, కంది మొదలగు తమ విత్తనములను కుండలలోను బుట్టలలోను పేర్చి, డప్పులతో పాటలతో ఊరూరికిని ఊరేగింతురు. బండి పొలిమేర చేరగానే ఊరివారు ఎదురేగి పిలుచుకొనిపోదురు. దీనిని నాటకమనవచ్చునా యని పండితులు సందేహింతురేమో. పాట కలదు, ఆట కలదు, అలంకారము కలదు, చుట్టును జనము కలదు. మాకు మాత్రము సందేహము లేదు. పైగా ఇందు ఆడువారును పాడువారును మెట్టభూములు సేద్యము చేయు పేదస్త్రీలు, వారిలోను పెక్కురు దళితులు. మాచునూరు గ్రామమునందు 2008 అక్టోబరు 15వ తేదీన వీరు సంఘం రేడియో యను పేర ఒక రేడియో కేంద్రమును తెరచిరి. దానిని నడుపువారును ఈ స్త్రీలే. అక్షరములు రాని ముదుసలి తన నాగటిపాటను మైకుముందర పాడి, సాయంకాలము తన గుడిసెలో తానే వినుట యెట్టి సంతోషమో ఊహించికొనుడు. పటాన్‌చెరువునుండి బయలుదేరినచో జహీరాబాదునకు బస్సులు తరచుగా కలవు. పిల్లలను వెంటగొనిపొండు. బియ్యమొక్కటే గింజ యనుకొను మన పిల్లలకు ఆ బండి నొకసారి చూపుట మంచిది.

మాఘబహుళ చతుర్దశి మహాశివరాత్రి. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరుని సన్నిధిని, ఏడుపాయలలో వనదుర్గాభవాని సన్నిధిని జాతరలు జరుగును. ఏడుపాయల మెదకు జిల్లాలో పాపన్నపేట మండలమందున్నది. మంజీరానది యేడు పాయలుగా చీలిన తావగుటచే ఆ పేరు. మూడు దినముల జాతర. సంగారెడ్డినుండి అచ్చటికి పోవు త్రోవలో జోగిపేట తగులును. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన నైజాము రాష్ట్రపు మొదటి ఆంధ్రమహాసభ జరిగినది ఈ యూరనే. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన మహిళాసభయు జరిగెను. పరదా చాటున బ్రతుకవలసిన ఆ దినములలో స్త్రీలు సభకట్టి కూర్చుండుటయే ఒక సాహసము. బస్సు ఆ యూర నాగినప్పుడు పిల్లలకీ సంగతి చెప్పవచ్చును.

జాగరణరాత్రి మీరు తప్పక వెదకి వినవలసినది ఒగ్గుకథ. ఒగ్గు అనగా శివుని డమరుకము. కథకుడు ముందు నిలిచి మల్లన్నకథనో బీరప్పకథనో ఎల్లమ్మకథనో చెప్పుచుండ, వెనుక డోలు, తాళము మ్రోగుచుండును. ఆ కథకుడే రాజగును, గొల్లవాడగును, తల్లియగును. భుజముమీది వస్త్రమును తలపై కప్పుకొన్న క్షణమున ముసలిది, నడుమునకు బిగించిన క్షణమున వీరుడు. ఈ విద్యలో మేటియని పేరొందిన జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్యగారు 2017లో దివంగతులైరి. ఆయన త్రోవ త్రొక్కినవారు నేడును పెక్కురు కలరు. మైకులమోత యెక్కువగానున్నచో దూరముగ కూర్చుండుడు. డోలుచప్పుడు దూరమునుండియే బాగుండును.

ఇక చిందువారిని గూర్చి కొంత విపులముగ వ్రాయక తప్పదు.

చిందు యక్షగానము మన తెలంగాణమునకు సొంతమైన విద్య. చిందువారు మాదిగకులమువారి నాశ్రయించి బ్రతుకువారు. ఏ కుటుంబమునకు ఏయే యూళ్ళు చెందునో పూర్వమునుండి పంపకము కలదు. దానిని మిరాశీ యందురు. ఊరికి వచ్చినప్పుడు జాంబపురాణము నాడుట వారి విధి. ఆదిజాంబవుని కథ అది. తక్కువకులమని త్రోసివేయబడినవారు మేమే సృష్టికి మొదటివారమని సభలో నిలిచి వాదించు కథ. తరువాత సారంగధర, అల్లీరాణి మొదలగునవి. తేలికకొయ్యతో చెక్కిన కిరీటములు, భుజకీర్తులు, కాళ్ళకు గజ్జెలు, ప్రక్కన మద్దెల, హార్మోనియము. పదము పాడుచు అడుగువేసినచో నేల కదలినట్లుండును.

ఈ విద్యలో స్త్రీలు పూర్వమునుండియు వేషములు కట్టుచున్నారను సంగతి మన చదువుకొన్న స్త్రీలలో ఎందరికి తెలియును? కోస్తాప్రాంతపు పట్టణములలో స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషమున జనులను మురిపించుచున్న కాలమున, అనగా స్త్రీపాత్రమును పురుషుడే ధరింపవలెనను నియమము పెద్దల నాటకశాలలలో చెల్లుచున్న కాలమున, చిందువారి స్త్రీలు ఊరి నడుమ దీపముల వెలుతురున నిలిచి పాడుచుండిరి. నిజామాబాదు జిల్లాలో బోధను సమీపమున అమ్దాపురమున నివసించిన చిందుల ఎల్లమ్మగారు పురుషవేషములకే ప్రసిద్ధి పొందిరి. 2005లో ఆమె కాలము చేసిరి. జనగామ ప్రాంతపు చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ బిరుదము వచ్చినది.

బిరుదములు వచ్చుట సంతోషమే. కాని ఈ స్త్రీలు ఆ కళకై చెల్లించిన మూల్యము చిన్నది కాదు. రాత్రి ఎల్లమ్మతల్లి వేషమున వచ్చినప్పుడు చేతులు మోడ్చి మ్రొక్కిన ఊరే, తెల్లవారిన తరువాత ఆమెను దూరముగ నిలిపి అన్నము పెట్టినది. ఎల్లమ్మపేర బాలికలను జోగినులుగా విడుచు దురాచారము ఈ ప్రాంతములను పట్టి పీడించినది. 1988లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చట్టముచేసి దానిని నిషేధించినది. చట్టము వచ్చినను, వేషము కట్టు స్త్రీ యనగానే పెదవి విరుచు బుద్ధి మన యిండ్లనుండి పూర్తిగ పోయినదని చెప్పజాలము. ఆటను మెచ్చి ఆడినదానిని గర్హించుట యేమి న్యాయము? ఈ మాఘఫాల్గునములలో మీ యూరికి చిందుమేళము వచ్చెనేని, పోయి ముందువరుసలో కూర్చుండుడు. మరునాడు ఆ స్త్రీలను మీ యింటికి పిలిచి, మీరు భుజించు చోటనే కూర్చుండబెట్టి వడ్డింపుడు. మామగారేమందురో, ఇరుగుపొరుగువారేమందురో యను సంకోచము కొందరికి కలుగును. ఆ సంకోచమును దాటుట మన చేతిలోనిదే.

పల్లెలకు పోవుటకు వీలుచాలనివారికి మరియొక మార్గము కలదు. రామచంద్రాపురమునకు ఇవతల, హైదరాబాదువైపు కొద్దిదూరమున లింగంపల్లి. అచ్చటి సురభికాలనీలో ఉండువారందరు నాటకమువారే. కర్మాగారమునకు పోవు బస్సు ప్రతిదినము ఆ చాయలనే పోవుచుండును. లోపల కూర్చున్నవారికి ఆ సంగతియే తెలియదు.

సురభివారి చరిత్ర ఆశ్చర్యకరమైనది. వారి పూర్వులు తోలుబొమ్మలాట వారు. 1885లో కడపజిల్లాలోని సురభి యను గ్రామమున ఒక పెండ్లి సందర్భమున బొమ్మలకు బదులు మనుష్యులే వేషములు ధరించి కీచకవధ నాడిరట. వనారస గోవిందరావుగారు అంతటితో నాగక సమాజము నేర్పరచిరి. ఆ యూరి పేరే వారి యింటిపేరైనంత పని యైనది. సంతానము పెరిగినకొలది సమాజములును పెరిగినవి. రేకులతో తాత్కాలికముగ నాటకశాల నిర్మించుకొని ఒక్కొక్క పట్టణమున నెలలకొలది నిలిచి, పిదప సర్వమును బండ్లకెత్తి మరియొక పట్టణమునకు పోవుట వారి బ్రతుకు. అందు తాతయు మనుమరాలును ఒకే రంగమున నుందురు. తల్లి సీతయైనచో బిడ్డలు లవకుశులు. కృష్ణవేషము చిన్నబాలికకు రావచ్చును. స్త్రీపాత్రములు స్త్రీలే ధరించు ఆచారమును తెలుగు నాటకరంగమున మొదట నిలిపినవారిలో వీరొకరు. మొదటి తెలుగు మాటలచిత్రము భక్తప్రహ్లాదలో, 1932లో, లీలావతిగా నటించిన కమలాబాయి సురభి బిడ్డయే. తల్లి వేషముతో రంగముమీద నుండగా నొప్పులు వచ్చి, కమలాబాయి అచ్చటనే పుట్టెననియు, ప్రేక్షకులు అదియు నాటకములోని భాగమే యనుకొనిరనియు చెప్పుకొందురు. చప్పట్లు కొట్టిరట! మనలో బిడ్డలను గన్నవారెవ్వరును ఆ చప్పట్లను గూర్చి విని ఊరకుండజాలరు.

మాయాబజారు, పాతాళభైరవి, శ్రీకృష్ణలీలలు, బ్రహ్మంగారి చరిత్ర, లవకుశ మొదలగునవి వారి పేరుపొందిన నాటకములు. చిత్రించిన తెరలు ఒకదాని వెనుక నొకటి జారుచుండును. నారదుడు మేఘములనుండి దిగును. రెండు బాణములు నడిమింట తాకి నిప్పులు రాల్చును. ఘటోత్కచుని యెదుట లడ్లు తమంతట తాము లేచి అతని నోట ప్రవేశించును. వెనుక దారములు లాగువాడు, దీపము మార్చువాడు, తెర దింపువాడు, వీరందరు ఆ కుటుంబమువారే. ఇప్పుడు దారము లాగినవాడు మరునిమిషమున శకునియై వచ్చును. సినిమాలో ఇంతకన్న పెద్ద మాయలు లేవా యని పిల్లలు మొదట అడుగుదురు. బాణము నిజముగ తలపైనుండి పోయిన తరువాత మరల అడుగరు. పాశమైలారము, ఇస్నాపురముల అద్దెగదులలో ఒరిస్సానుండి, బీహారునుండి, బెంగాలునుండి వచ్చిన కూలీకుటుంబములు వేలకొలది కలవు. వారికి తెలుగు రాకపోయినను ఘటోత్కచుడు అర్థము కాకపోడు. మీ వీధిలో అట్టి యిల్లాలున్నచో ఆమెనుకూడ పిలువుడు. ఊరుగాని యూరిలో ఆమె కెవ్వరు పిలుపు పంపుదురు?

సురభివారికి పురాణకథలు తప్ప వేరు రావని యనుకొనరాదు. ప్రసిద్ధ కన్నడ దర్శకులు బి.వి. కారంతుగారు 1996 ప్రాంతమున వీరితో కలసి పనిచేసి కొత్త నాటకములను ఆడించిరి. అందులో బస్తీదేవత యాదమ్మ యను దానికి మూలము జర్మనుకవి బ్రెక్టు వ్రాసిన నాటకము. దేవతలు భూమిమీద మంచివారికై వెదకి, ఒక పేదస్త్రీని కనుగొని, ఆమెకు ధనమిచ్చిపోవుదురు. ధనము వచ్చినది మొదలు చుట్టమని ఒకడు, అప్పని ఒకడు ఆమెను పీల్చివేయుదురు. అడిగినవారికి లేదనజాలని ఆ స్త్రీ తుదకు మగవేషము ధరించి, లేని అన్న నొకనిని కల్పించి, ఆ అన్నపేర కఠినముగ మాటలాడి తన్ను కాపాడుకొనవలసి వచ్చును. మంచిదానికి బ్రతుకు తెరువు మగవేషమేనా యని ఆ కథ మనలను అడుగుచున్నది. జీతపుదినమున చీటిపాట యని, చేబదులని గడపలో నిలుచువారికి సమాధానము చెప్పలేక వంటయింటిలో దాగిన ఇల్లాండ్రు మా యూళ్ళలో లేకపోలేదు.

ఈ సమాజములలో శ్రీవేంకటేశ్వర సురభి నాటకమండలిని చిరకాలము నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారు, బాబ్జీగారని ప్రసిద్ధులు, 2013లో పద్మశ్రీ పొందిరి. 2022 జూనులో ఆయన స్వర్గస్థులైరి. ఒకప్పుడు ఎన్నో యున్న సమాజములు ఇప్పుడు చేతివ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మిగిలినవి. పిల్లలు చదువుకొని వేరు ఉద్యోగములకు పోవుచున్నారు. దానిని తప్పనుటకు మనకు హక్కు లేదు. మన పిల్లలను నాటకములోనికి పంపని మనము, వారి పిల్లలను మాత్రము కళకై ఆకలితో నుండుడనుట యెట్లు?

కావున చేయదగినది టిక్కెట్టు కొనుట. తెలిసినవారున్నారని ఉచితపుచీటి సంపాదించుటను గొప్పగ చెప్పుకొను అలవాటు మన కుటుంబములలో కలదు. దానిని మానుకొనవలెను. ఒక సినిమాకు నలుగురము పోయినప్పుడగు వ్యయమును తలచుకొన్నచో నాటకపు టిక్కెట్టు భారము కాదు. నాటకమునకు మొదటి గంట కొట్టకమునుపే చేరుడు. పాఠము చదువుకొను పిల్లవానిని మాత్రము పరీక్షలదినములలో తీసికొనిపోవలదు, వాని మనస్సు అచ్చటనుండదు. శనివారపు రాత్రి ఆట అందరికి అనుకూలము. రెండవ షిఫ్టువారి కుటుంబములకు ఆదివారపు సాయంకాలము మేలు.

అంతకన్న మంచి ఉపాయము, కాలనీలోని స్త్రీలు కూడి తలకింతయని చందా వేసికొని, శ్రీరామనవమికో ఉగాదికో ఒక మేళమును తామే పిలిపించుట. వినాయకచవితి పందిళ్ళకు మగవారు వేలకొలది పోగుచేయుదురు గదా, మన మేల చేయరాదు? ఇట్లు పిలుచువారికి కొన్ని మాటలు. ఎంత యిత్తురో ముందుగనే నిశ్చయించి, సగము బయలుదేరునప్పటికే పంపుడు. ఎందరు వచ్చెదరో, చంటిబిడ్డలున్నారో అడిగి తెలిసికొనుడు. భోజనము ఆటకు ముందా పిమ్మటనా యని వారినే అడుగుడు. బరువైన కిరీటము పెట్టి చిందువేయువారు నిండుకడుపుతో ఆడజాలరు. రంగము, దీపములు, కుర్చీలు మగవారు చూచుకొందురు. వారికి తోచనిది ఒకటి కలదు. వేషము మార్చుకొను స్త్రీలకు ఒక గది కావలెను. చాల చోట్ల వారు లారీచాటున, చీరలు అడ్డముగ పట్టుకొని వేషము మార్చుకొనుచున్నారు. పాఠశాలగది యైనను, సంఘభవనమున నొక మూల యైనను చూచి, అందు బక్కెటతో నీరు, నిలువుటద్దము, మంచిదీపము నుంచుడు. మరుగుదొడ్డి దగ్గరలో నుండవలెను. చంటిబిడ్డను పరుండబెట్టుటకు ఒక చాప వేయుడు. మేళము రాకమునుపే మీలో ఒకరు పోయి, ఆ గది తలుపునకు లోపలిగడియ సరిగ పడుచున్నదో లేదో వేసి చూడుడు.